వెనక్కి వెళ్ళిన సీటు

పళ్ళ డాక్టరు దగ్గరికి నవ్వుతూ వచ్చేవాళ్ళు ఉండరు. ఆ రోజు మధ్యాహ్నం మాత్రం ఒక ముసలాయన నవ్వుతూనే వచ్చాడు. మిగిలిన ఒక్క పన్నూ పీకించేసుకుంటే ఇక జన్మలో నా మొహం చూడక్కర్లేదని ఆయన సంబరం. పీకేసి, దూది కరిచి పట్టుకోమని చెప్పి చేతులు కడుక్కుంటుంటే వదిన ఫోన్ చేసింది.

"విమానం కంపెనీ మనిషి సాయంత్రం వస్తున్నాడట. పడిపోయిన మీ అన్నయ్య విమానాన్ని చివరిసారి చూసుకుని వెళ్తాడట. ఆ తర్వాత దాన్ని తుక్కు కింద తీసేస్తారట. మన తరఫున ఒకరు అక్కడ ఉండొచ్చన్నారు. నా వల్ల కాదే."

"నేను వెళ్తాలే వదినా."

"ఒక్కదానివేనా? ఆ షెడ్డులోకి?"

"ఇప్పుడది ఎగిరేదా, దూకేదా? భయమేముంది?"

అనేశాక నాలిక కరుచుకున్నాను. వదిన మెల్లిగా, ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

"నా చెయ్యి దేనికైనా తగిలి ఉంటుందంటావా?"

"లేదు వదినా."

"కన్ను మూస్తే ఆ చెయ్యే కనిపిస్తోంది."

మా అన్నయ్యది కళ్ళద్దాల షాపు. "చెల్లెలివి పళ్ళు, నావి కళ్ళు. ఇంకొకడు పుట్టి ఉంటే చెవులు కూడా చూసుకునేవాళ్ళం" అని షాపుకొచ్చిన ప్రతివాళ్ళతోనూ అనేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. పళ్ళ చదువులో చేరిన రోజునుంచీ నేను వాడికి 'పిప్పి'ని. పిప్పిపన్నులో పిప్పి. వాడికి షాపు కన్నా, మా అందరి కన్నా ముద్దు తన చిన్న విమానం. ఒకటే ఇంజను, నాలుగు సీట్లు. ఎవరో వాడి వదిలేస్తే కొన్నాడు. ఆదివారం పొద్దున వదినని ఎక్కించుకుని ఒక చుట్టు తిరిగి, ఏదో దేశం జయించినట్టు దిగేవాడు. ఎక్కగానే వాడు అడిగే మాట ఒక్కటే. "తలుపు సరిగ్గా పడిందా?" పడిందని చెప్పినా మళ్ళీ అడిగేవాడు. అంత చాదస్తం.

అలాంటి మనిషి ఒక ఆదివారం, చక్రాలు నేల విడిచిన మరుక్షణం, విమానం ముక్కుని నిలువునా పైకి ఎత్తేశాడు. అలా ఎత్తితే చిన్న విమానం గాలిలో నిలవదు. పక్కకి ఒరిగి రాయిలా పడింది. అన్నయ్య అక్కడే పోయాడు. వదిన తుంటి విరిగి, తల పగిలి, బతికింది.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచి వదిన అన్న మొదటి మాట ఇది: "ఆయన నా పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయారు."

తలకి దెబ్బ తగిలింది కదా, అలాగే మాట్లాడుతుంది అన్నారు డాక్టర్లు. పైలట్ కంగారుపడి విమానం నడిపే పిడి లాగేశాడు, విమానంలో ఏ లోపమూ లేదు అంది కంపెనీ. విచారణవాళ్ళు కూడా ఆ మాటే నమ్మేలా ఉన్నారు. విమానం సంగతి దాన్ని తయారుచేసినవాళ్ళ కన్నా ఇంకెవరికి తెలుస్తుందని వాళ్ళ ధీమా. ఫ్లయింగ్ క్లబ్బులో కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అన్నయ్య పేరు చెప్పి, ఇలా మాత్రం చెయ్యకండని పాఠం చెప్తున్నారట. వదిన కొన్నాళ్ళు అందరితోనూ పోట్లాడింది. తర్వాత ఆ అనుమానాన్ని తన మీదకే తిప్పుకుంది. తన చెయ్యే దేనికో తగిలిందేమో, తన మొగుణ్ణి తనే చంపుకుందేమో అని. మనిషి రోజురోజుకీ సగమైపోతోంది. ఆమెని చూస్తుంటే నాకు ఇంట్లో కాలు నిలవదు, క్లినిక్‌లో చెయ్యి నిలవదు.

అందుకే వెళ్ళాను.

ఫ్లయింగ్ క్లబ్బు ఊరి పొలిమేర దాటాక ఉంటుంది. నేను చేరేసరికి ఆకాశం పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపు తిరిగి ఉంది. ఆకు కదలడం లేదు. రన్‌వే చివర, కంచె పక్కన, వాడకం మానేసిన పాత రేకుల షెడ్డు. కాపలా మనిషి దాని ఇనప తలుపుని భుజంతో పక్కకి నెట్టి, "దుమారం వచ్చేలా ఉందమ్మా. అవతల విమానాలకి తాళ్ళు బిగించాలి. పనైపోయాక కేకెయ్యండి" అని గబగబా వెళ్ళిపోయాడు.

లోపల ముందు వాసన తగిలింది. పెట్రోలు, కాలిన రబ్బరు, తడిసి ఎండిన సీటు గుడ్డ. వాటన్నిటి అడుగున ఇంకేదో పల్చగా... కళ్ళద్దాలు తుడిచే మందు వాసన. అన్నయ్య చొక్కాలకి ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉండేది. నా భ్రమే అనుకున్నాను.

షెడ్డు మధ్యలో ఉన్నదాన్ని విమానం అనడానికి నోరు రాదు. రెక్కలు కోసి గోడకి ఆనించారు. తోక ఒక మూల బోర్లా పడి ఉంది. మిగిలింది ముందు భాగం, అందులో రెండు సీట్లు. సీట్ల వెనక పెద్ద కంత. కంత వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో, షెడ్డు గోడ. ముందు మీటర్లు ఊడదీసిన చోట నల్లటి గుంటలు, పళ్ళు పీకేసిన చిగుళ్ళలా. ఎడమ సీటు అన్నయ్యది. దాని మీద దుమ్ము పట్టి ఉంది. దుమ్ము మధ్యలో మాత్రం, మనిషి కూర్చునే చోట, నున్నగా, శుభ్రంగా ఉంది.

"మీరు రావాల్సిన పని లేదు డాక్టరుగారూ."

ఉలిక్కిపడి తిరిగాను. నా వెనకే వచ్చినట్టుంది, ఒక పెద్దాయన తలుపు పక్క గోడకి వీపు అదిమిపెట్టి నిలబడి ఉన్నాడు. అరవై దాటి ఉంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో తోలు సంచీ, కళ్ళ కింద నల్లటి సంచులు. తను విమానం కంపెనీ మనిషినని, పడిపోయిన విమానాలు చూసి కారణం చెప్పడమే తన ఉద్యోగమని చెప్పాడు.

"ఇంటివాళ్ళు ఇలాంటివి చూడకూడదు" అన్నాడు. నిజంగానే జాలిపడుతున్నట్టుంది గొంతు.

"పాడైపోయినవి చూడటమే నా పని కూడా."

ఆయన నవ్వాడు. పై పళ్ళన్నీ ఒకే ఎత్తున, బల్లపరుపుగా అరిగిపోయి ఉన్నాయి. అలవాటు కొద్దీ నోరు జారాను.

"నిద్రలో పళ్ళు కొరుకుతారా?"

నవ్వు ఆగిపోయింది. "నిద్రంటూ పోతే కదమ్మా" అన్నాడు.

పక్కన ఇనప కుర్చీ ఉంది. పెద్దాయన కదా అని దాన్ని ఆయన వైపు జరిపాను. కుర్చీ కాళ్ళు సిమెంటు మీద కీచుమన్నాయి. ఆయన మొహం పాలిపోయింది.

"వద్దు!"

అంత గట్టిగా అనాల్సిన మాట కాదది. ఆయనకే తెలిసినట్టుంది. "నడుము నొప్పి. నిలబడితేనే సుఖం" అని గొణిగాడు. ఆ తర్వాత కూడా ఆ కుర్చీని ఓరగా చూస్తూనే ఉన్నాడు, కట్టేయని కుక్కని చూసినట్టు.

అప్పుడు వచ్చింది గాలి. ముందు కప్పు మీద గుప్పెడు ఇసుక చల్లినట్టు. తర్వాత షెడ్డుని రెండు చేతులా పట్టుకుని కుదిపినట్టు. దుమ్ము మొహాన కొడుతుంటే ఇద్దరం కలిసి తలుపు లాగి మూశాం. మూసుకున్నాక అది గాలి ఒత్తిడికి బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. పైన వేలాడుతున్న బల్బు ఒకసారి ఎర్రబడి, ఆరిపోయింది. బయట ఇంకా సాయంత్రమే. లోపల మాత్రం కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

ఆయన సంచీలోంచి టార్చి తీసి వెలిగించి నా చేతికిచ్చాడు. "కాస్త పట్టుకోండి. త్వరగా ముగించేస్తాను."

విమానం విరిగిన తలుపులోంచి ఆయన లోపలికి వంగాడు. నేను ఆయన భుజం మీదుగా వెలుగు వేశాను. ఎడమ సీటు కింది భాగం కనిపించింది. కారు సీటులాగే అదీ పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. పట్టాలో వరసగా చిల్లులు. సీటు కింద వేలంత మేకు. మేకు చిల్లులో దిగితే సీటు కదలదు.

మేకు దిగలేదు. చిల్లు అంచు మీద ఆగి ఉంది. అసలు ఆ చిల్లు గుండ్రంగానే లేదు. అరిగి, సాగి, కోడిగుడ్డులా ఉంది. పుచ్చిన పన్నుని చూడటం నాకు కొత్త కాదు. పైకి గట్టిగానే కనిపిస్తుంది. గట్టిగా కరిచినప్పుడు బయటపడుతుంది దాని సంగతి.

విమానం ముక్కు పైకి లేస్తుండగా ఆ మేకు జారితే సీటు ఎటు పోతుంది? వెనక్కి. అందులో కూర్చుని నడిపే పిడి పట్టుకున్న మనిషి దాన్ని వదులుతాడా? పడిపోయేవాడు చేతికి దొరికిందాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. వాడితోపాటు పిడీ వెనక్కి వస్తుంది. పిడి వెనక్కి వచ్చేకొద్దీ ముక్కు ఇంకా పైకి లేస్తుంది...

ఆయన నా పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయారు.

వదిన మొదటి రోజునుంచీ ఉన్నది ఉన్నట్టే చెప్తోంది. వినాల్సినవాళ్ళమే వినలేదు.

అప్పుడు గమనించాను. పెద్దాయన చేతిలో కెమెరా లేదు. పట్టకారు ఉంది. దానితో మేకుని చిల్లులోకి నొక్కుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"సరిచూస్తున్నాను."

"అది బయటే ఉంది. నా కళ్ళతో చూశాను. మీరు లోపలికి దింపారు."

ఆయన నా వైపు తిరగలేదు. చెవి వెనకనుంచి చెమట ధారగా కారుతోంది. "దిగింది కదా ఇప్పుడు" అన్నాడు. "ఇక కదలకూడదు... ఈసారైనా కదలకూడదు."

ఆ మాట నాతో అన్నది కాదు.

టక్.

మేకు బయటికి వచ్చేసింది.

గాలికి అదిరిందనుకున్నాను. ఆయన మళ్ళీ దింపాడు. రెండు చేతులతో, ఒంట్లో బలమంతా పెట్టి అదిమి పట్టుకున్నాడు.

టక్.

సీటు ఒక చిల్లు వెనక్కి జరిగింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

టార్చి ఆయన చేతుల మీదకి తిప్పాను. "మీరు... మీరే కదిపారా?"

"మెల్లిగా..." అన్నాడు ఆయన, పెదవులు కదిలీ కదలకుండా. "మెల్లిగా మాట్లాడండి. వింటారు."

"ఎవరు?"

ఆయన వెనక్కి వచ్చి షెడ్డు గోడకి వీపు ఆనించాడు. అంత గాలి హోరులోనూ ఆ గుసగుస నాకు స్పష్టంగా వినిపించింది. ఎన్నాళ్ళుగానో నోట్లో నలుగుతున్న మాటల్లా ఉన్నాయవి.

"ఈ రకం విమానం ఎక్కడ పడినా నన్నే పంపుతారు. నేను వెళ్తాను. మేకు దింపుతాను. దిగే ఉంది, సీటు కదల్లేదు, తప్పంతా పైలట్‌దేనని చెప్పి వస్తాను. మొదట్లో ఏమీ కాలేదు. తర్వాత ఒకరోజు ఇంట్లో అన్నం తింటుంటే కుర్చీ కొంచెం వెనక్కి జరిగింది. మా ఆవిడ నవ్వింది, బరువెక్కారని. మర్నాడు ఇంకొంచెం. తర్వాత బస్సులో. ఆసుపత్రిలో బల్ల మీద. నేను కూర్చున్నది ఏదైనా సరే... వెనకనుంచి ఎవరో పట్టుకుని లాగుతారు డాక్టరుగారూ. తొందరేమీ లేనట్టు. మా ఆవిడకి ఇప్పుడు నవ్వు రావడం లేదు. అక్కగారింటికి వెళ్ళిపోయింది."

"ఈ మేకు సంగతి కంపెనీకి తెలుసా?"

"తెలియకపోవడమేమిటి? పట్టాకి ఇంకో చిన్న అడ్డు బిగిస్తే చాలు. బొటనవేలంత ముక్క. కానీ ఇప్పుడు బిగిస్తే, ఇన్నాళ్ళూ బిగించనిది మా తప్పని ఒప్పుకున్నట్టే కదా. అంతకన్నా పైలట్‌ని అనడం తేలిక. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా అన్నారు మా పెద్దవాళ్ళు." ఆయన ఎడమ సీటు వైపు చూశాడు. "కాదనడని అన్నారు..."

టక్... టక్... టక్...

సీటు కదులుతోంది. ఈసారి వెనక్కి కాదు, ముందుకి. ఒక్కో చిల్లు దగ్గరా ఆగి, మళ్ళీ కదిలి. ఎవరో ఎక్కబోతుంటే వాళ్ళ కాళ్ళ కొలతకి సరిచేస్తున్నట్టు. పూర్తిగా ముందుకి వచ్చి ఆగింది.

గాలి ఆగిపోయింది. కప్పు మీద ఇసుక రాలడం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో కళ్ళద్దాల మందు వాసన గుప్పున కొట్టింది.

"పిప్పీ..."

సీటు వెనకనుంచి. ఆ కంతలోంచి.

"తలుపు సరిగ్గా పడిందా?"

ఆ గొంతు ఇంకొక్కసారి వినిపిస్తే చాలని ఎంత ఏడ్చానో నాకు తెలుసు. వినిపించింది. నా కాళ్ళు మాత్రం అడుగులో అడుగు వేసుకుంటూ దానికి దూరంగా పోతున్నాయి. అది అన్నయ్యే. అనుమానం లేదు. కానీ ఆ పిలుపులో అన్నయ్య నవ్వు లేదు. ఎక్కడో చాలా లోతున, ఒంటినిండా బెల్టులు బిగించుకుని, కదలడానికి వీల్లేక మాట్లాడుతున్నట్టుంది.

"అన్నయ్యా..."

లోపల ఏదో గుడ్డ రాసుకున్న చప్పుడు. తర్వాత మళ్ళీ అదే గొంతు, మర్యాదగా, ఇంటికొచ్చిన చుట్టంతో అన్నట్టు.

"పెద్దాయన్ని కూర్చోమను."

పెద్దాయన పారిపోతాడనుకున్నాను. ఆయన ముందుకి అడుగేశాడు. ఏడుస్తున్నాడు.

"ఎంతకాలమని నిలబడతానమ్మా?" అన్నాడు నాతో. "కాళ్ళు పీకుతున్నాయి..."

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. నిజం చెప్తాను, పట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగాను. ఈయన చేతులే కదా అన్నయ్య మీద నింద వేసింది, ఈయన మాటే కదా వదిన చేత తన చేతిని తనే అసహ్యించుకునేలా చేసింది, పోతే పోనీ అనిపించింది. ఆ ఒక్క క్షణంలోనే ఆయన లోపలికి ఎక్కేశాడు.

"వద్దు. కూర్చోకండి. బయటికెళ్ళి ఉన్నది చెప్పండి చాలు. వినండి..."

ఆయన కూర్చున్నాడు. ఎన్నాళ్ళకో కూర్చున్న మనిషిలా, కళ్ళు మూసుకుని, హాయిగా ఊపిరి వదిలాడు.

టక్.

నా చెయ్యి సాగిపోయింది.

టక్. టక్.

మోకాలు తలుపు అంచుకి తగిలింది. నేను కాళ్ళు తన్నిపెట్టి లాగాను. అవతలనుంచి లాగుతున్న బలానికి కోపం లేదు, ఆత్రం లేదు. నీళ్ళు వాలుకి పోయినట్టు పోతోంది. ఆయన మణికట్టు నా వేళ్ళ మధ్యనుంచి జారింది. వేళ్ళు జారాయి. గోళ్ళు...

పోయాడు.

పట్టాలు అయిపోయాయి. చప్పుడు అయిపోలేదు.

టక్... టక్... టక్...

టార్చి ఎత్తాను. నాకు ఎదురుగా కూర్చుని ఆయన వెనక్కి వెళ్తున్నాడు. కంత దాటాడు. గోడ ఉండాల్సిన చోటు దాటాడు. అక్కడ గోడ లేదు. చీకటి సొరంగంలా పొడుగ్గా ఉంది. అందులో ఆయన మొహం పళ్ళెమంత అయింది... తర్వాత నాణెమంత. ఆయనకి రెండు పక్కలా వెలుగు పడిన మేర మోకాళ్ళు కనిపించాయి. వరసల కొద్దీ కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు. మొగవాళ్ళవి, ఆడవాళ్ళవి. ఒళ్ళో పెట్టుకున్న చేతులు. నడుముకి బిగించిన బెల్టులు. మొహాలదాకా వెలుగు పోలేదు. పోనందుకు ఇప్పటికీ బతికిపోయాననుకుంటాను.

ఎక్కణ్ణించి వచ్చిందో నాకు గొంతు వచ్చింది.

"అన్నయ్యా! ఆయన్ని పంపెయ్! ఆయన చెప్పకపోతే వదిన బతకదురా! తనే నిన్ను చంపిందనుకుంటోంది!"

చప్పుడు ఆగింది.

చీకట్లో అన్నీ ఆగిపోయాయి. ఎవరో ఊపిరి బిగబట్టినట్టు... చాలామంది ఊపిరి బిగబట్టినట్టు.

తర్వాత టక్‌టక్‌టక్‌టక్ అని ఒకటే పరుగు. నా వైపుకి. చల్లటి గాలి మొహాన కొట్టింది. టార్చి ఎగిరిపోయింది. నేను వెల్లకిలా పడ్డాను.

కాపలా మనిషి మరో ఇద్దర్ని తీసుకొచ్చి తలుపు నెట్టి తెరిచేసరికి దుమారం వెలిసింది. బయట సాయంత్రపు వెలుగు ఇంకా మిగిలే ఉంది. సీటు తన చోట తను ఉంది, మేకు చిల్లు బయట. పెద్దాయన కంతకీ గోడకీ మధ్య ఆ ఇరుకు సందులో, నేల మీద కూర్చుని ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు. లేవదీసినప్పుడు అందరం చూశాం. ఆయన బూట్ల మడమలు పూర్తిగా అరిగిపోయి, మేజోళ్ళు చిరిగి, చర్మం కనిపిస్తోంది. ఎంతో దూరం ఈడ్చుకెళ్ళినట్టు.

"ఇదేమిటి సార్?" అన్నాడు కాపలా మనిషి. ఆయన నన్ను చూసి, "పదండమ్మా, నేను చెప్పాల్సినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి" అన్నాడు.

విచారణవాళ్ళ ముందు ఆయన కుర్చీలో కూర్చుని చెప్పాడు. ఇక్కడి విమానం గురించే కాదు, తను మేకు దింపిన ప్రతి విమానం గురించీ. ఏ ఊరో, ఎవరు పోయారో, ఎవరి మీద తప్పు పెట్టాడో. నేను ఆయన కుర్చీ కాళ్ళవైపే చూస్తూ కూర్చున్నాను. అది కదల్లేదు. ముసలాయనకి మతి చలించిందని కంపెనీ వాదించింది. కానీ అరిగిన పట్టాకి మతి చలించదు కదా. దాన్ని మరో చోటికి పంపి పరీక్ష చేయించారు. పైలట్ తప్పు అన్న మాట కొట్టేశారు. క్లబ్బులో ఆ పాఠం మానేశారు.

నేను వెళ్ళి చెప్పినప్పుడు వదిన చాలాసేపు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. ఎవరిదో వస్తువు తిరిగి తెచ్చిచ్చినట్టు. తర్వాత ఆ చెయ్యి నా తల మీద పెట్టి, "చెప్పాను కదే... వెనక్కి వెళ్ళారని" అంది. ఆ మధ్యాహ్నం సోఫాలోనే నిద్రపోయింది. నేను దుప్పటి కప్పి, చప్పుడు కాకుండా తలుపు వేశాను.

అంతటితో అయిపోయిందని చెప్పాలనే ఉంది. కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఆ రకం విమానాలు ఉన్నవాళ్ళు పట్టాకి అదనంగా ఒక అడ్డు బిగించుకుంటే మంచిదట. బిగించి తీరాలని అనలేదు. తమ లోపమనీ అనలేదు. సలహా అంది. బిగించుకున్నవాళ్ళు బిగించుకున్నారు. మిగతావాళ్ళు ఆదివారాలు పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని ఎగురుతూనే ఉన్నారు.

ఆ తర్వాత ఒకరోజు ఒకావిడ వదినని పలకరించడానికి వచ్చింది. ఫ్లయింగ్ క్లబ్బు టవర్‌లో, విమానాలకి రేడియోలో అనుమతులిచ్చే ఉద్యోగం ఆవిడది. వదినతో నాలుగు మాటలు మాట్లాడింది, టీ తాగింది. సాగనంపడానికి గేటుదాకా వెళ్తే, నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"మీతో ఒక మాట చెప్పాలి. చెప్పకుండా ఉండలేకపోతున్నాను" అంది. "మీరు షెడ్డులో ఉన్న ఆ సాయంత్రం... దుమారంలో పైన ఒక్క విమానం లేదు. నేను టవర్‌లో ఒక్కదాన్నే ఉన్నాను. రేడియోలో పిలుపు వచ్చింది. మీ అన్నయ్యగారి విమానం నంబరు చెప్పి, బయల్దేరడానికి అనుమతి అడిగారు."

"ఆ రేడియో ఎప్పుడో ఊడదీసి పట్టుకెళ్ళారు కదండీ" అన్నాను.

"తెలుసు. ఆ గొంతు కూడా నాకు తెలుసు, ప్రతి ఆదివారం వినేదాన్ని. కానీ అలవాటైన నోరు కదా... ఎవరు పిలిచినా అడిగే ప్రశ్న బయటికి వచ్చేసింది. లోపల ఎంతమంది ఉన్నారని అడిగాను."

ఆవిడ చెయ్యి మంచులా ఉంది.

"ఏమన్నాడు?"

"వెనకాల చాలా అడుగుల చప్పుడు వినిపించింది. మెట్లు ఎక్కుతున్నట్టు, ఒకరి తర్వాత ఒకరు. తర్వాత మీ అన్నయ్యగారు, కాస్త ఓపిక పట్టమన్నట్టు, చాలా మామూలుగా చెప్పారు..."

ఆవిడ ఒకసారి వెనక్కి చూసుకుంది.

"'ఇంకా ఎక్కుతున్నారు' అన్నారు."